నీలం చేపల కప్పులు

మూర్తిగారూ, నా చెయ్యి తగిలితే మీ గిన్నెలు మైలపడతాయని, ఏళ్ల తరబడి వరండా కిటికీలో నాకోసం విడిగా ఒక కప్పు ఉంచారు. దాని చెవి విరిగిపోయింది. మొన్న కూడా అందులోని బల్లి రెట్ట నేనే కడుక్కుని టీ తాగాను.

అప్పుడే మీ ఆవిడ కొత్త పింగాణీ కప్పులు తెచ్చి చూపించింది. "దసరా పందిట్లో కొన్నాం పోలరాజూ. ఆ నీలం చేపలు ఎంత నాజూగ్గా ఉన్నాయో చూడు. ముట్టుకోకు."

"విలాయతీ మాల్, ఫారిన్ సరుకు," అన్నారు మీరు. "మనోళ్లకి ఈ పనేటి తెలుత్తాది?"

"బాగున్నాయి బాబూ," అని వచ్చేశాను.

రిటైరయ్యాక నాకున్న సరదా కప్పులు చెయ్యడమొక్కటే. భాలుబాసా బస్తీలో మా పెరటి బట్టీలో కాలినవే ఆ కప్పులు; దసరా పందిట్లో దుకాణానికి వేసింది నేనే. మట్టి తొక్కింది నేను, చేపలు గీసింది నేను, గ్లేజు, అదే పైన మెరిసే గాజు పూత, పూసింది నేను. నా రాత బాగోదని పేరు బదులు అడుగున బొటనవేలి ముద్ర వేశాను. తిరగేసి చూడండి. గ్లేజు కింద ఉంది కనుక ఎంత తోమినా పోదు.

కొన్నప్పటినుంచీ మీ ఇంటిల్లిపాదీ వాటితోనే తాగుతున్నారు. ఇప్పుడు వాటిని పగలగొడతారో, లోపల కూర్చోబెట్టి ఒకదానిలో నాకు టీ పోస్తారో, వచ్చే ఆదివారంలోగా చెప్పండి.