డైరెక్టరుగారి మంచు ప్రయాణం

సాయంత్రం మీటింగుకి హెల్సింకీ చేరకపోతే డైరెక్టరు రౌహాలా కొంప మునుగుతుంది. లాప్‌లాండ్‌లోని ఈ మంచు పరిశోధన కేంద్రాన్ని మూసేయాలన్న ప్రతిపాదన ఆయనదే. ఆయన లేకపోతే అది వీగిపోతుంది. దాంతోపాటు ఆయన కన్నేసిన పెద్ద కుర్చీ కూడా పోతుంది.

తీరా బయల్దేరబోతుంటే తడిమంచు కురిసింది. హెల్సింకీ విమానం రద్దయింది.

“బెత్తెడు మంచుకే ఇంత రాద్ధాంతమా?” అంటూ అంతెత్తున లేచాడాయన.

కేంద్రం పైలట్ మార్కెట్టా కాఫీ ఊదుకుంటూ, “చూడ్డానికి దూదిలాగే ఉంటుంది సార్. కానీ చక్రం దాన్ని తొక్కుకుంటూ, తోసుకుంటూ పోవాలి కదా. ఇంజను బలమంతా దానికే సరిపోతుంది” అంది.

“మంచు తెల్లగా ఉంటుంది, చల్లగా ఉంటుంది. ఇది కనుక్కోడానికి జనం సొమ్ము తగలేస్తున్నారా?”

మార్కెట్టా ఇంకో గుక్క కాఫీ తాగింది. అక్కడివాళ్లంతే. అడిగినదానికి జవాబు చెబుతారు, అడగనిదానికి నోరు మెదపరు. రౌహాలాకేమో తన ప్రశ్నల మీద మహా గురి. ఎంతటి ఘటాన్నయినా మూడు ప్రశ్నల్లో తేల్చేస్తానంటాడు.

షెడ్డు ముందు నిలిపి ఉన్న కేంద్రం విమానం మీద ఆయన కన్ను పడింది.

“దాన్ని నడిపేది నువ్వేనా?”

“నేనే సార్.”

“ఇలాంటి మంచులో ఎప్పుడైనా నడిపావా?”

“మంచు పడితేనే నడుపుతాను.”

“ఒక్కసారైనా కూలిందా?”

“అబ్బే, ఎన్నడూ లేదు.”

“మరింకేం, పద! నన్నెక్కించుకో.”

“ఎక్కండి. బెల్టు గట్టిగా బిగించుకోండి.”

విమానం ఉరికింది. మంచు ఎగిరెగిరి కిటికీలకు కొట్టుకుంటోంది. ఇంజన్లు గొంతు చించుకుంటున్నాయి, చక్రాలు మాత్రం అంబలిలో పడ్డట్టు ఈడ్చుకుంటూ పోతున్నాయి. రన్‌వే చివరి ఎర్రదీపాలు దగ్గరపడే కొద్దీ రౌహాలాకు పైప్రాణాలు పైనే పోతున్నాయి.

“లేపు! లేపవేం? మంచు పట్టేస్తోంది! నువ్వు చెప్పింది నిజమే తల్లీ, నిజమే! కేంద్రం మూయించను! అడిగినన్ని డబ్బులిప్పిస్తాను! ముందు లేపు!”

మార్కెట్టా బ్రేకు వేసింది. విమానం ఊగి, జారి, దీపాలకు కాస్త ఇవతల ఆగింది. ఆమె ఎదురుగా ఉన్న మీటర్ల వైపు చూసి తృప్తిగా తలాడించింది.

రౌహాలా చెమట తుడుచుకున్నాడు. “ఎందుకు లేపలేదు?” అన్నాడు.

“దీన్ని ఎగరేయడం దండగ ఖర్చని పోయినేడు మీరే డబ్బులు ఆపేశారు కదా సార్, అప్పట్నుంచీ మంచు చక్రాల్ని ఎంత పట్టేస్తోందో చూడ్డానికి నేలమీదే పరిగెత్తిస్తున్నాం.”