గ్రీజు కాదు, ఆయిల్

"గ్రీజు కొట్టకు అబ్బాయ్!"

కారు కింద పడుకున్న క్లైవ్ ఉలిక్కిపడ్డాడు. గ్రీజు గన్ను జారి ఛాతీమీద పడింది.

షెడ్డు గుమ్మంలో ఎవరో ముసలాయన. కొవెంట్రీ వానకి కోటంతా తడిసిపోయి ఉంది.

"ఎవరండీ మీరు?"

"ఎల్విన్ అంటారు. పాత కార్ల క్లబ్బులో నువ్వు సామాన్లు అడిగావని తెలిసి వచ్చాను. ముందు చక్రం అడుగున ఆ కీలుంది చూడు, దానికి గ్రీజు పనికిరాదు. గేరు ఆయిల్ పొయ్యాలి."

క్లైవ్‌కి ఒళ్ళు మండింది. అరవై రెండేళ్ళ వయసులో మూడు వారాలుగా సిమెంటు నేలే అతని పడక. స్ప్రింగులు మార్చాడు, అరిగిన బుష్షులు మార్చాడు. మార్చుకోవడానికి నడుమే దొరకలేదు. శనివారం కూతురు రోవెనా పెళ్ళి. ఇలాంటి రెండు సీట్ల కారులో పక్కన కూర్చోబెట్టుకుని చర్చికి తీసుకెళ్తానని ఆ పిల్లకి ఆరేళ్ళప్పుడే మాటిచ్చాడు.

"గ్రీజు కొట్టే నిపుల్ కనబడటం లేదూ? ఆయిల్ పోసే చోట అది ఎవడు పెడతాడు పెద్దాయనా?"

"పెట్టారు. అదే వచ్చిన చిక్కు. చూసినవాళ్ళందరూ గ్రీజే కొడతారు. అది లోపల గట్టిపడుతుంది, నీళ్ళు చేరి తుప్పు తినేస్తుంది. ఏదో మలుపులో కీలు విరిగి చక్రం మడతపడుతుంది. ఒక్కసారి విప్పి చూడు."

"నిన్ననే బిగించానండీ! విప్పితే మళ్ళీ మొదటికొస్తుంది."

"అయినా సరే, విప్పు."

"ఎక్కేది నా కూతురు. పెళ్ళి దానిది. నాకు లేని బెంగ మీకెందుకు? పిలవని పేరంటానికొచ్చి సలహాలొకటి!"

ముసలాయన కారులో పక్క సీటు వైపు చూశాడు.

"పెళ్ళెప్పుడు?"

"శనివారం."

"శనివారం..." అని గొణిగి, చేతికర్ర ఊతంతో వానలోకి వెళ్ళిపోయాడు.

క్లైవ్ టీ కాచుకున్నాడు. తాగబుద్ధి కాలేదు. చాదస్తం కూడా అంటుకునే రోగమే కాబోలు, తిట్టుకుంటూనే జాకీ ఎత్తాడు.

ఎడమ చక్రం, ఆ కీలు ఊడదీసేసరికి సాయంత్రమైంది. ఇత్తడి దిమ్మ నిండా ఎండి రాయైపోయిన గ్రీజు. పాత యజమానులు ఎన్నేళ్ళు కొట్టారో! లోపలి ఉక్కు కడ్డీకి మరచుట్లు మిగల్లేదు. సుత్తితో తట్టగానే రెండు ముక్కలైంది.

క్లైవ్ ఆ ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. శనివారం ఏం జరిగి ఉండేదో అర్థమైంది.

చేతుల మడ్డి తుడుచుకోకుండానే క్లబ్బు కార్యదర్శి డోరీన్‌కి ఫోన్ చేశాడు.

"ఎల్విన్ గారి ఇల్లెక్కడ? నోటికొచ్చినట్టు అనేశాను. వెళ్ళి క్షమించమని అడగాలి."

"ఆలస్యం చేశావయ్యా. ఇల్లు ఖాళీ చేసి మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోయాడు. ఎక్కడికో నాకూ చెప్పలేదు. నలభై ఏళ్ళుగా ఆ రకం కారు ఎవరు బాగుచేస్తున్నా వెళ్ళి చెప్పేవాడు. 'అలిసిపోయాను డోరీన్, ఇక ఎవరికీ చెప్పలేను' అన్నాడు. నీదే చివరి షెడ్డు."

"ఆయన మెకానిక్కా?"

"కాదు, లెక్కల మాస్టారు."

"మరి ఇవన్నీ ఎలా తెలుసు?"



"వాళ్ళమ్మాయిని కూడా పెళ్ళికి అలాంటి కారులోనే బయల్దేరదీశాడయ్యా. ఆ పిల్ల చర్చిదాకా చేరలేదు. ఏళ్ళ తరబడి ఆ కీలుకి గ్రీజు కొట్టింది ఆయనే."