గేటు దగ్గర తనిఖీ

ఫోర్‌మన్‌గా చేరి మేనేజింగ్ డైరెక్టరైన పార్థసారథిని 1974లో కంపెనీ నుంచి గెంటేశారు. మూతపడ్డ శేరిలింగంపల్లి ఫ్యాక్టరీలోకి ఒక రాత్రి దొంగలా దూరి, తన ఇత్తడి పేరుపలక ఊడబీకి చొక్కాలో దాచుకున్నాడు.

గేటు చేరగానే కీచురాళ్ల రొద ఆగిపోయింది.

"జర చేతులు లేపుండ్రి సారూ. మీరు పెట్టిన రూలే గద," అంది ఆడగొంతు.

ఒకప్పుడు ఇక్కడ కూలి చేసిన భూలక్ష్మి గొంతు. ఇత్తడి ముక్క దొంగిలించిందని ఇక్కడే, అందరి ముందూ ఆమె ఒళ్లు తడిమించాడు. ఏమీ దొరకలేదు. ఆ రాత్రే ఆమె క్వారీ గుంటలో దూకింది.

తల వంచుకుని చేతులెత్తాడు. చుట్టూ ఎవరూ లేరు. తడి వేళ్లు మాత్రం మెడ మీంచి తాపీగా కిందికి దిగి, పలక దగ్గర ఆగాయి.

"అందర్ని పిల్వమంటరా సారూ?"

అతను నోరు తెరిచేలోపే గేటు అవతల చెప్పుల చప్పుడు మొదలైంది.