ముట్టని ముద్ద

కాకి దిగలేదు.

పురానాపూల్ కాకులకు మామూలుగా ఇంత బెట్టు ఉండదు. శ్మశానం గోడ పక్కన విస్తరి వేసి చాలాసేపైంది. అన్నం, పప్పు, గీతాంజలి ప్రాణం పెట్టే మిర్చీ బజ్జీలు, గ్లాసులో కూల్‌డ్రింకు. పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడాలి. ముడితే ఆత్మ తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు.

ఒక కాకి గోడ మీద వాలింది. మెడ అటూ ఇటూ తిప్పి చూసి ఎగిరిపోయింది.

"చూసిన్రా? పిల్ల మనసుల మస్తు బాధుంది," అంది మేనత్త సక్కుబాయి.

అందరి కళ్లూ సోనీ మీదికి తిరిగాయి. గీతాంజలి చెల్లెలు. డిగ్రీ మొదటి సంవత్సరం. చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అక్క పోయినప్పటి నుంచి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఆడపిల్లా, బండరాయా అనుకుంటున్నారు చుట్టాలు, అదీ ఆమెకు వినపడేటట్టే.

అక్కాచెల్లెళ్లకు మాటల్లేవన్న సంగతి గల్లీ అంతటికీ తెలుసు. సక్కుబాయి కొడుకు బాలరాజ్‌కు గీతాంజలిని ఇవ్వాలని పెద్దలు ఖాయం చేశారు. ఆమె ససేమిరా అంది. బార్కస్‌లో స్నేహితురాలి ఇంటికి పోయి దాక్కుంది. తండ్రి రామ్‌చందర్ రెండు దెబ్బలు వేసేసరికి ఆ ఇంటి జాడ చెప్పేసింది సోనీయే. బాలరాజ్ వెళ్లి గీతాంజలిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాడు. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోగా ఎవరూ చూడలేదు.

ముహూర్తం దగ్గరపడ్డాక ఒకరోజు ఇద్దరూ మాదన్నపేట మార్కెట్లో ఎదురుపడ్డారు. ఉల్లిగడ్డల బండి పక్కన, నడిబజారులో జుట్లు పట్టుకున్నంత పనిచేశారు. గల్లీ ఆడవాళ్లంతా సంచులు కింద పెట్టి మరీ చూశారు.

"పోయి మూసీల దుంకు! పీడ వోతది!" అని అరిచింది సోనీ.

ఆ రాత్రి గీతాంజలి ఇంటికి రాలేదు. మర్నాడు పొద్దున వంతెన మీద ఆమె చెప్పులు, చున్నీ దొరికాయి. అవి అక్కవేనని చెప్పిందీ సోనీయే. కింద మూసీ వరద మీద ఉంది. ఈతగాళ్లు వెతికి వెతికి చేతులెత్తేశారు. చివరికి దర్భలతో బొమ్మ చేసి దహనం కానిచ్చారు.

ఇప్పుడు బాలరాజ్ సోనీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఆఖరుసారి దాంతోటి ఉన్నది నువ్వే గదా. నిజం చెప్పు. అదే దుంకిందా, నువ్వు నూకినవా?"

సోనీ అతని కళ్లలోకే చూసింది. "అంత అనుమానముంటే పోలీసులకు చెప్పుకో పో, బావా."

అతనే ముందు చూపు తిప్పుకున్నాడు.

సక్కుబాయి మాత్రం వదిలే రకం కాదు. "గట్ల నిలబడితే ఎట్లనే? విస్తరి కాడికి పో. 'అక్కా, తప్పయింది, నా మాట వాపస్ తీస్కుంటున్న' అను. పిట్ట ఎందుకు ముట్టదో నేను చూస్త."

"అనను."

"బార్కస్ ఇల్లు చూపెట్టినప్పుడు మంచిగనే లేసింది గదనే నోరు!"

అది సూటిగా తగిలింది. ఆ తప్పును తలుచుకుని సోనీ కుమిలిపోని రోజు లేదు. అయినా గడ్డం పైకెత్తింది.

"అనను అన్న గదా అత్తా. ఎన్నిసార్లు అడుగుతవ్?"

కాస్త అవతల ఎవరో ముసలాయన పేరున పెట్టిన అన్నం మీద కాకులు గుంపుగా పడి తింటున్నాయి. ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. గీతాంజలి ముద్ద దగ్గరికి ఒక్కటీ రావడం లేదు.

రామ్‌చందర్‌కు ఓపిక నశించింది. కూతురి భుజం పట్టి కుదిపాడు.

"ఇను. అక్కకు ముద్ద దిగకపోతే, ఇయ్యాల్టి సంది నీక్కూడా నా ఇంట్ల ముద్ద లేదు."

ఇల్లు కాకపోతే సోనీ ఎక్కడికి పోవాలి? చుట్టాల్లో తలుపు తీసేవాళ్లు ఒక్కరూ లేరు. అయినా తండ్రి చేతిని భుజం మీంచి తీసేసింది.

"సరే బాపు. పోత."

అప్పుడు వచ్చింది తల్లి రుక్మాబాయి. ఆమె తిట్టలేదు. సోనీ చేతులు రెండూ పట్టుకుంది.

"దాని పాణం గాలిల తిరుగుతుందని తలుసుకుంటే నాకు కంటి మీద కునుకు వస్తలేదు బిడ్డా. దాని కోసం వద్దు, నా కోసం అను. ఒక్క మాట."

సోనీకి ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మను పట్టుకుని జరిగినదంతా చెప్పేయాలనిపించింది. కానీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా ఆ సంగతి సక్కుబాయి చెవిన పడుతుంది.

"అననమ్మా," అని చేతులు విడిపించుకుంది.

"ఇంకేం అడుగుతరు! దీని మొండితనానికే పిట్ట ముడుతలేదు," అని తీర్పు చెప్పేసింది సక్కుబాయి. "సచ్చినదాని మీద గూడా పగేందే నీకు!"

అవునంటే అవునన్నారు అందరూ. బాలరాజ్ కూడా తలూపాడు. విస్తరి ఎత్తి ఆవుకు పెట్టారు. ఒక్కొక్కరే సోనీ పక్క నుంచి ముఖం తిప్పుకుని వెళ్లిపోయారు. రుక్మాబాయి మాత్రం రెండుసార్లు వెనక్కి చూసింది.

సోనీ అక్కడే నిలబడింది.

తను తప్పు ఒప్పుకున్నాక కూడా కాకి దిగకపోతే, మార్కెట్లో గొడవ ఇద్దరూ కలిసి ఆడిన నాటకమని, అక్క ఎక్కడో బతికే ఉందని బాలరాజ్‌కు ఆ క్షణమే తెలిసిపోయేది.