సమరధీరుడి దండయాత్ర

వెంకటనారాయణకు తండ్రి ఇచ్చిన రైస్‌మిల్లు ఉంది. అది కంటికి ఆనలేదు. మిర్యాలగూడలో మిల్లు లేని షావుకారు ఎవడని? తనకు బస్సు కావాలి. ముందు అద్దం మీద తన పేరు రాసుకోవాలి, బజారంతా పక్కకు తప్పుకుంటుంటే హారన్ కొట్టుకుంటూ పోవాలి. కొనేశాడు.

కొన్నాక తెలిసింది ఆ బుద్ధిమంతుడికి. ఊరికీ ఊరికీ మధ్య టికెట్టు కొట్టి జనాన్ని ఎక్కించుకునే హక్కు సర్కారు బస్సులకే ఉందట. సర్కారు బస్సు మొహం చూడని ఊరైనా అంతేనట. ప్రైవేటు బస్సు పెళ్ళిళ్ళకూ యాత్రలకూ తిరగొచ్చు. కాదని ఎక్కించుకుంటే పట్టుకుపోయి పోలీస్ స్టేషన్ ముందు నిలబెడతారు. తుప్పు పట్టేదాకా అక్కడే ఉంటుంది.

అందుకని సమరధీర మహారాజు పుట్టాడు. పుట్టింది మిల్లు వెనక తవుడు గదిలో. కన్నది కైలాసం అనే ట్యూషన్ పంతులు. పూర్వం ఈ మహారాజు ఎక్కడినుంచో వచ్చి ఈ గడ్డనంతా జయించాడనీ, ఆయన దండు నడిచిన దారిలో తమ బస్సు యాత్రికులను తిప్పి చూపిస్తుందనీ కైలాసం బోర్డు రాశాడు. ఆయన యుద్ధవిద్య ఏ పాటిదో గానీ, సర్కారు బస్సు పోని తండాలూ పల్లెలూ వెతికి వెతికి మరీ జయించాడు. మిర్యాలగూడ నుంచి సూర్యాపేట, అక్కణ్ణుంచి చివ్వెంల పక్క పల్లెలు చుట్టి కోదాడ. రోజూ పొద్దున్నే దండయాత్ర. టికెట్టు అనకూడదు, చందా అనాలి.

జనం ఎగబడి ఎక్కారు. సంతకు పోవాలి, దవాఖానకు పోవాలి. వాళ్ళకు రాజెవడైతేనేం? కైలాసం నిలబడి గొంతు చించుకుంటుంటే వాళ్ళు హాయిగా కునికిపాట్లు పడేవారు. వాళ్ళను చూస్తే వెంకటనారాయణకు ఒళ్ళు మంట. గొర్లమంద అనేవాడు. ఆ మంద చందాలతోనే బస్సు నడుస్తోందన్న సంగతి మాత్రం అనేవాడు కాదు.

ఒకరోజు డ్రైవర్ దానియేలు ఒగరుస్తూ వచ్చాడు. హైదరాబాద్ నుంచి నాగేశ్వర్ రావు అనే ఆఫీసరు దిగాడనీ, స్టాండులో ఈ బస్సు గురించే ఆరా తీస్తున్నాడనీ, రేపు ఇందులోనే వస్తానన్నాడనీ చెప్పాడు. వెంకటనారాయణకు ఏ ఆఫీసరని అడగాలన్న ఇంగితం కూడా లేకపోయింది. సర్కారు వాటా వసూలు చేసే లెవీ వాళ్ళు వస్తే ధాన్యం దాచే ఇంట్లో పుట్టాడు మరి. సర్కారు మనిషి గడప తొక్కాడంటే పట్టుకోవడానికే అని ఉగ్గుపాలతో నేర్చాడు. ఇగ బస్సు పోయినట్టే అనుకున్నాడు.

ఆ సాయంత్రమే దానియేలుతో ఊరూరికీ కబురు పంపాడు. ఎవరేం అడిగినా రాజు జాగాలు చూడ్డానికే వస్తున్నామనాలి, నోరు జారితే మర్నాటి నుంచి నడిచి చావాలి.

తెల్లారి ఆఫీసరును తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. మొదటి తండాలో సుక్కి ఎక్కింది, చేతిలో పాలక్యాను. రోజూ సూర్యాపేట హోటళ్ళకు పాలు పోసే మనిషి.

“ఏడికి పోతున్నవమ్మా?” అన్నాడు ఆఫీసరు.

“రాజు దండు దిగిన జాగ సూడనీకి సారూ.”

“రోజూ పోతవా?”

సుక్కి తొణకలేదు. “సూడకపోతే పానం కొట్టుకుంటది సారూ. మా తండ సగం రోజూ గిదే బస్సుల పోతది.”

పాలెందుకని అడిగితే వెంకటనారాయణే అందుకుని, రాజుగారి రాతికి అభిషేకమన్నాడు. వెనక సీట్లో, సంతకు పోయే భీమ్లా ఒళ్ళో కోళ్ళు రెక్కలు కొట్టుకున్నాయి. అవి మొక్కుబడి కోళ్ళని కూడా వెంకటనారాయణే అన్నాడు. అబద్ధానికి అడ్డేముంది?

సూర్యాపేట దాటేసరికి బస్సు కిక్కిరిసింది. ఎప్పుడూ ఇంతమంది ఉంటారా అని ఆఫీసరు అడిగాడు. వెంకటనారాయణ రొమ్ము విరుచుకున్నాడు.

“మా రాజంటే గంత భక్తి సార్. నిలవడనీకి జాగ దొరకదు. వానకాలంల గూడ తగ్గరు.”

వాగు దగ్గర ఆఫీసరు బస్సు ఆపించి దిగాడు. బూటుకాలితో నేలను గట్టిగా తన్ని చూశాడు. సమరధీరుడి ఏనుగులు దాటింది సరిగ్గా ఇక్కడేనని కైలాసం కళ్ళు మూసుకుని వర్ణించాడు. ఏనుగులు దాటాయంటే నేల గట్టిదేనన్నమాట అన్నాడు ఆఫీసరు. వెంకటనారాయణ పొట్ట పట్టుకుని నవ్వాడు, అంత నవ్వొచ్చే మాటేం కాకపోయినా.

కోదాడలో బస్సు ఆగగానే యాత్రికులంతా సంతలోకి మాయమయ్యారు. వాళ్ళను ఆఫీసరు చూడకుండా వెంకటనారాయణ అడ్డంగా నిలబడి చాయ్ తాగించాడు. తాగి, ఆఫీసరు అతని చేయి పట్టుకున్నాడు.

“మీ పుణ్యాన నా పని ఒక్క రోజుల ఖతం అయింది షావుకారూ. ఇగ నాకు ఏ అనుమానం లేదు.”

బస్సు దక్కింది. తిరుగు దారిలో వెంకటనారాయణ కాలు మీద కాలు వేసుకున్నాడు. సర్కారు జీతం తినేవాళ్ళ తలకాయల్లో తవుడు కూడా ఉండదని కైలాసంతో అన్నాడు. లేని రాజును చూపించి ఉన్న ఆఫీసరును పడగొట్టిన మొగాడు ఈ జిల్లాలో ఇంకెవడని మీసం దువ్వాడు. ఆ ఊపులోనే రెండో బస్సుకు బేరం పెట్టమన్నాడు, రాజుకు ఒక రాణిని కూడా పుట్టించమన్నాడు. కైలాసం సరేనన్నాడు.

నెల తిరక్కముందే, జనం దండిగా ఎక్కుతారనీ దారి గట్టిగా ఉందనీ కళ్ళారా చూసిపోయిన ఆర్టీసీ సర్వే ఆఫీసరు నాగేశ్వర్ రావు, అవే ఊళ్ళ మీదుగా, సరిగ్గా అదే వేళకు, సర్కారు బస్సు వేయించాడు.