గిన్నెలో లాంబ్రూస్కో

పెళ్ళిచూపులకు వచ్చిన ఎవాసియో ముందు అన్నదమ్ములిద్దరూ ప్రశ్నలకన్నా ముందు కరకరలాడే పంది కొవ్వు వేపుడు పెట్టారు. వాళ్ళు సరేనంటేనే పెళ్ళి అని ఆర్జియా తేల్చి చెప్పి, వంటింట్లోకి దూరింది.

"మీ ఇంట్లోవాళ్ళకి ఇష్టమేనా?" పెద్దవాడు ఎర్మెస్ మొదలుపెట్టాడు.

"వద్దనేవాళ్ళెవరూ లేరండీ."

"అలవాట్లు?"

"వైన్ ఒక్కటే. మాది బరోలో వైన్‌కు ద్రాక్ష పండే ఊరు."

చిన్నవాడు ఫుల్వియో ముఖం చిట్లించాడు. "దాంతో ఏం తింటారేమిటి?"

"ఎద్దు మాంసం. ఆ వైన్‌లోనే పూటంతా ఉడికిస్తాం."

"పూటంతానా! ఈలోపు మా రెజ్జోలో పంది తోక దాకా అయిపోతుంది."

ఎర్మెస్ తమ ఊరి వైన్ లాంబ్రూస్కో సీసా మూత తీశాడు. ఊదారంగు నురుగు బుస్సున పొంగింది. ఎవాసియో ఊళ్ళో దాన్ని సోడా అంటారు. ఆ మాటను అతడు అతికష్టం మీద మింగాడు.

"పంది కొవ్వు నాలుక మీద పరుపేసుకు పడుకుంటుంది," అన్నాడు ఎర్మెస్. "ఈ నురుగు దాని చెవి మెలేసి లేపుతుంది. మీ బరోలో ఏం చేస్తుంది? పక్కన కూర్చుని పురాణం చెబుతుంది!"

ఫుల్వియో వేడి మాంసపు చారు గిన్నె తెచ్చాడు. అందులో మాంసం కూరిన బుల్లి కజ్జికాయల్లాంటి కప్పెల్లెత్తిలు తేలుతున్నాయి. ఎర్మెస్ సీసాను తిన్నగా ఆ గిన్నెలోకే వంచాడు.

ఎవాసియో గబుక్కున అతడి మణికట్టు పట్టుకున్నాడు. "చెయ్యి తప్పిందండీ! గ్లాసు ఇదిగో."



"చెయ్యి తప్పలేదు, మా రెజ్జోలో చారు ఇలాగే తాగుతాం," అన్నాడు ఎర్మెస్ నెమ్మదిగా. "మనిషిని ఎంచుకోవడమే తప్పినట్టుంది."

"ఏడిపించకండిరా అతన్ని!" వంటింట్లోంచి ఆర్జియా కేక వినిపించింది. ఆ గొంతు వణికింది.

ఎవాసియో ఆ గుమ్మం వైపు చూశాడు. మణికట్టు వదిలాడు. చారును చెడగొట్టడం, వైన్‌ను చంపడం ఒకే దెబ్బకు జరిగే ఆ ఘోరానికి తానే గిన్నె ఎత్తి పట్టాడు.

"అంచు దాకా పోయండి."

రెండు చేతులా గిన్నె పట్టుకుని అడుగంటా తాగాడు. మీసాలు ఊదారంగుకు తిరిగాయి. కిటికీ అద్దాలు అదిరేలా త్రేన్చాడు.

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఎర్మెస్ వంటింట్లోకి వెళ్ళి, ఎనభై దాటిన తమ కన్నతల్లి ఆర్జియాను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి పెళ్ళికొడుకు పక్కన కూర్చోబెట్టాడు.