బాపు తెచ్చిన పుస్తకాలు

లక్ష్మీనర్సమ్మ అలమారలోని వంట పుస్తకాలన్నీ గోనెసంచిలో వేస్తుంటే కొడుకు నరేందర్ వచ్చి సంచి గుంజుకున్నాడు.

“నిన్ననే బాపు సంవత్సరీకం అయింది. ఇయ్యాల ఆయన తెచ్చిన పుస్తకాలు పాత సామాన్ల బండికి ఏస్తవా అమ్మా?”

“ఏస్త. ఒక్కటి గూడ ఉంచ.”

“మానుకోట పోయినప్పుడల్లా నీ కోసమని తెచ్చిండు. ఎంత ప్రేమ ఉంటే తెస్తడు?” అంటూ నరేందర్ నాలుగు పుస్తకాలు బయటికి తీశాడు.

ఆమె ముఖం ఎర్రబడింది. పై పుస్తకం మీద వేలు పెట్టింది.

“పప్పుల ఉప్పు ఎక్కువైందని పళ్లెం నా మొకం మీదికి ఇసిరిండు. తెల్లారి గిది తెచ్చి, నేర్చుకో అన్నడు. గీ పచ్చళ్ల పుస్తకం మీ మేనత్తల ముంగట నన్ను తిట్టినంక తెచ్చిండు. గా లావుది తెచ్చిననాడు నువ్వు నా కడుపుల ఉన్నవ్. ఆ దినమంత నన్ను బువ్వ తిననియ్యలే. ఇంకా చెప్పాల్నా?”

నరేందర్ సంచి కింద పెట్టాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న కోడలు వర్ష వంటింట్లోకి వెళ్లింది. అట్ట నలగని కొత్త వంట పుస్తకం ఒకటి తెచ్చి సంచిలో వేసింది.

“గదెక్కడిది బిడ్డా?”

“పోయిన నెల మీ కొడుకు తెచ్చిండు అత్తమ్మా. కూర బాగలేదని దోస్తుల ముంగట గిన్నె నూకేసిన తెల్లారి.”

లక్ష్మీనర్సమ్మ కొడుకు వైపు తిరిగింది. ఇన్నేళ్లూ భర్తకు చూపలేని కోపం ఆమె కళ్లలో ఉంది.

“ఒక్కసారే అమ్మా,” అన్నాడు నరేందర్, తల వంచుకుని.

“మొదటి పుస్తకం తెచ్చిననాడు మీ బాపు గూడ గట్లనే అన్నడు.”